స్వాస్థ్యం ఎవరిది?

(రాజపాళయంలో తెలుగు యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



అయ్యనార్ కోవెల వైపు కొండల మీద పడిన వాన ఆరో మైలు జలాశయంలో నిలిచి ఈ ఊరి దాహం తీరుస్తోంది. ఆ కొండలు అరుదైన బూడిద రంగు పెద్ద ఉడుతల అభయారణ్యం. 2012లో యునెస్కో పడమటి కనుమల్లో 39 ప్రాంతాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. వాటిలో ఈ శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యం ఒకటి. 2021లో దీన్ని మేగమలైతో కలిపి పులుల అభయారణ్యం చేశారు. మన గుమ్మం ముందున్న కొండ ఇప్పుడు ప్రపంచమంతటి ఆస్తి అన్నమాట.

'వారసత్వం' అనే మాటకు మన బైబిల్లో 'స్వాస్థ్యము' అని ఉంటుంది. ఆ మాట వినగానే నాకు నాబోతు గుర్తొస్తాడు. ఆహాబు అతని ద్రాక్షతోటను ఊరికే అడగలేదు. ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే వెల ఇస్తానన్నాడు. ఈనాటి భాషలో చెప్పాలంటే 'పునరావాస ప్యాకేజీ'. నాబోతు ఒప్పుకోలేదు, ఎందుకంటే అది పితరుల స్వాస్థ్యం. తరువాత ఏం జరిగిందో మీకు తెలుసు. దొంగ సాక్ష్యం, రాళ్ల దెబ్బలు.

మన కొండల్లో పళియర్లు ఉన్నారు. తేనె తీసి, దుంపలు తవ్వుకుని తరతరాలుగా అక్కడే బతికిన వారు. యునెస్కో పలకకు ఎంతో ముందే అది వారి స్వాస్థ్యం. కాబట్టి అడవిని కాపాడటానికి పై దేశాల నుంచి డబ్బు వచ్చినప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత వచ్చింది?' కాదు. 'అడవిలో ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా?'

ఒక ఉదాహరణ చెబుతాను. 1996లో ప్రపంచ బ్యాంకు, ప్రపంచ పర్యావరణ నిధి కలిసి మన దేశంలో ఏడు అభయారణ్యాలకు 'ఎకో డెవలప్‌మెంట్' ప్రాజెక్టు ఇచ్చాయి. మన కొండకు అవతలి వైపున్న పెరియార్ వాటిలో ఒకటి. అక్కడ అడవిలో దొంగచాటుగా దాల్చిన జాతి చెట్ల బెరడు ఒలిచి అమ్ముకునే మనుషులు ఉండేవారు. వారితో కూర్చుని మాట్లాడారు, కమిటీగా ఏర్పడనిచ్చారు. నిన్నటి దొంగలు పర్యాటకులకు దారి చూపే గైడ్లయ్యారు, రాత్రిపూట అడవికి కాపలాదారులయ్యారు. జక్కయ్య కథ లాంటిదే ఇది. పేరు పెట్టి పిలిచి, అతని ఇంట భోజనానికి కూర్చున్నాకే కదా అతను మారింది!

అదే ప్రాజెక్టు, అదే డబ్బు. కర్ణాటకలోని నాగర్‌హొళెలో కథ వేరు. తమను సంప్రదించకుండా పథకం తయారు చేశారని ఆదివాసుల సంఘం 1998లో ప్రపంచ బ్యాంకు తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేసింది. ప్యానెల్ పరిశీలించి, విచారణ జరపాలని సిఫారసు చేసింది. బ్యాంకు డైరెక్టర్లు అనుమతి ఇవ్వలేదు. ఇంకో సంగతి వినండి. ఆదివాసులను బయటికి పొమ్మంటున్న ఆ అడవిలోనే ఒక పెద్ద హోటల్‌కు లీజు ఇచ్చారు. ఆదివాసులు కోర్టుకెళ్లి 1997లో దాన్ని ఆపించారు. పర్యాటకుడికి మంచం వేసే చోట తేనె తీసేవాడికి చాప లేదా?

ఇంకో విషయం. సహాయం అనగానే దానం అనుకుంటాం. చాలాసార్లు అది అప్పు. 2011లో తమిళనాడు అడవుల కోసం మొదలైన సుమారు 686 కోట్ల రూపాయల జీవవైవిధ్య ప్రాజెక్టు జపాన్ సంస్థ జైకా రుణంతో నడిచింది. తీర్చేది మన పన్నులతోనే. కాబట్టి లెక్క అడగడం కృతఘ్నత కాదు, మన బాధ్యత.

మన సంఘాలకూ ఇది కొత్త కాదు. విదేశీ సహాయంతో బడులు, ఆసుపత్రులు కట్టుకున్నాం. దాత మెచ్చే రిపోర్టు రాయడం నేర్చుకున్నాం. ఊరి మనిషిని 'నీకేం కావాలి?' అని అడగడం చాలాసార్లు మరచిపోయాం. నేనూ మరచిపోయాను. అందుకే వేలు ఒక్క ప్రభుత్వం వైపే చూపలేను.

యౌవనస్థులారా, పులి ముఖ్యమా, మనిషి ముఖ్యమా అని వాదించుకోకండి. ఏదెను తోటను కాయమని దేవుడు మనిషినే అందులో పెట్టాడు. తోటమాలిని తరిమేసి తోటను కాపాడమని ఆయన చెప్పలేదు.

మీరు చేయగలిగినవి మూడు. ఒకటి, 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. ఈ రాష్ట్రంలో హక్కు పత్రాలు ఏళ్ల తరబడి కోర్టు వ్యవహారంలో చిక్కుకున్నాయి. గ్రామసభలో దరఖాస్తు నింపడానికి ఒక పళియ కుటుంబానికి తోడుండండి. రెండు, పులుల అభయారణ్యం నుంచి ఎవరినైనా తరలించాలంటే ముందు హక్కులు తేల్చాలి, వారి ఇష్టం ఉండాలి అని చట్టమే చెబుతోంది. ఆ మాట వారికి తెలియజెప్పండి. మూడు, ఈ ప్రాజెక్టుల పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి. మీకు ఇంగ్లీషు వచ్చు, తమిళం వచ్చు. చదివి వారికి తమిళంలో చెప్పండి. ప్రపంచ బ్యాంకు ప్యానెల్‌కు నష్టపోయిన ఇద్దరు కలిసి రాసినా చాలు, ఫిర్యాదు తీసుకుంటారు.

నాబోతు చనిపోయాక ఏలీయా వచ్చాడు. మనం ఆలస్యం చేయవద్దు. నాబోతు బతికి ఉండగానే వెళ్దాం. సాయంత్రం ఇంటికెళ్లి కుళాయి తిప్పినప్పుడు, ఆ నీళ్లకు కావలి కాసిన వారిని తలచుకుని ప్రార్థన చేయండి. ప్రార్థన ముగించాక కొండ దారి పట్టండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.