కడపటి బండి



పగటి ప్రయాణమునకును రాత్రి ప్రయాణమునకును ధర్మము లొక్కటి కావు. పగలు బండి తప్పినవానికి పోవునది కాలము మాత్రమే. రాత్రి బండి తప్పినవానికి కాలముతోపాటు ధనము, నిద్ర, ఒక్కొక్కప్పుడు నిర్భయత్వము కూడ పోవును. ఈ భేదమును గుర్తింపక పగటి లెక్కతో రాత్రి ప్రయాణమును కొలుచువారు పెక్కుమంది కలరు. నగర ప్రాంతపు రైలుబండి మేలా, మెట్రోబండి మేలా యను వాదము మా పేటలో తరచు వినబడుచుండును. ఆ వాదమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

మా పేట హైదరాబాదులోని కృష్ణానగరు. యూసుఫ్‌గూడకును జూబిలీహిల్సు కొండలకును నడుమ ఇరుకు సందులతో, మూడంతస్తుల మేడలతో, చిన్న చిన్న వాటాలతో నిండియుండును. తెరమీద కనబడువారు కొండమీదను, తెర వెనుక పాటుపడువారు కొండ క్రిందను కాపురముందురని ఇచ్చటివారు నవ్వుచు చెప్పుకొందురు. దుస్తులు కుట్టువారు, జుట్టు తీర్చువారు, దీపములు మోయువారు, గుంపులో నిలుచు చిన్న వేషధారులు, ఎడిటింగు గదులలో కన్నులు కాయలు కాయునట్లు కూర్చుండు కుఱ్ఱవాండ్రు, వీరందఱు నా యిరుగుపొరుగువారు. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి పొందినవాడను నేను. సాయంకాలము మా వాకిట బల్లమీద కూర్చుండువారు నన్ను విభక్తులనుగూర్చి అడుగరు, బండ్లనుగూర్చి అడుగుదురు. కాబట్టి బండ్లనుగూర్చియే కొంత తెలిసికొనవలసి వచ్చినది.

ముందుగా రెండు వాహనముల స్వరూపమును చూతము.

మొదటిది ఎం.ఎం.టి.ఎస్. అని జనులు పిలుచు నగర ప్రాంతపు రైలు. ఇది 2003 ఆగస్టు 9వ తేదీన మొదలైనది. సికింద్రాబాదు, నాంపల్లి, ఫలక్‌నుమా, లింగంపల్లి యను తావులను ఇది కలుపును. 2023 ఏప్రిలులో మేడ్చలు వైపునకును, ఉందానగరు వైపునకును ఈ సేవ విస్తరింపబడినది. ధూమశకటమను పాత పేరు దీనికి చెల్లదు. ఇది విద్యుత్తుతో నడచునది. కనీసపు టిక్కెట్టు వెల 5 రూపాయలు. ఇంత చౌకగా నగరమున ఇంత దూరము మోయు వాహనములు అరుదు. పేదవాని యెడ దీనికి గల ఉపకారము సామాన్యమైనది కాదు.

రెండవది మెట్రో. 2017 నవంబరు 28వ తేదీన దీనికి ప్రారంభోత్సవము జరుగగా, మరునాటినుండి ప్రజలు ఎక్కసాగిరి. కలకత్తాలో 1984లో మొదలైన మెట్రో భూగర్భమున నడచినది. మన మెట్రో మాత్రము సంపూర్ణముగా స్తంభములమీదనే నడచును. మూడు మార్గములును కలిసి సుమారు 69 కిలోమీటర్లు. మా పేటవారికి పనికివచ్చునది నాగోలునుండి రాయదుర్గము పోవు మార్గము. యూసుఫ్‌గూడ, జూబిలీహిల్సు ఐదవ నంబరు రోడ్డు, చెక్‌పోస్టు అను మూడు స్టేషనులును మాకు నడిచిపోదగిన దూరమున నున్నవి. వెల మాత్రము హెచ్చు. 2025 మే నెలలో 12 మొదలు 75 రూపాయలవరకు నిర్ణయింపబడి, కొలది దినములలోనే పదింట నొకవంతు తగ్గింపబడి 11 మొదలు 69 వరకు వచ్చినది.

ఇంతవరకు చూచినచో వాదము సులభము. ధనము కావలసినవాడు రైలెక్కును. కాలము కావలసినవాడు మెట్రో యెక్కును. మా యెదుటి వాటాలోనుండు ఎడిటింగు కుఱ్ఱవాడును ఇట్లే తలంచి, “మాస్టారూ, రోజుకు ముప్పయి రూపాయలు మిగులుతాయి కదా, రైలే మేలు కాదా?” అని నన్నడిగెను.

తర్కశాస్త్రము చదువుకొన్నవారికి అన్వయ వ్యతిరేకములు తెలిసినవే. ఒక వస్తువు ఉన్నప్పుడు ఏమి కలుగునో చూచుట అన్వయము. అది లేనప్పుడు ఏమగునో చూచుట వ్యతిరేకము. రెండును చూడక నిర్ణయము చేయరాదని మా గురువులు చెప్పెడివారు. ఆ కుఱ్ఱవాడు చూచినది అన్వయము మాత్రమే: బండి దొరకినచో ముప్పది రూపాయలు మిగులును. బండి దొరకనిచో ఏమగునన్న ప్రశ్న అతడు వేసికొనలేదు.

ఇక లెక్క వేయుదము. నెలకు ఇరువదియైదు దినముల పని యనుకొందము. దినమునకు 30 చొప్పున 750 రూపాయలు మిగులును. కాని పని వేళకు ముగియక నెలలో నాలుగు రాత్రులు బండి తప్పి, ఆటోకు 200 చొప్పున ఇచ్చినచో 800 పోవును. మిగులు మాట అటుండగా, 50 రూపాయలు చేతినుండి పెట్టుకొనవలసి వచ్చును.

తప్పు రైలుది కాదు. దాని పుట్టుకయే అట్టిది. దూరపు ఊళ్లకు పోవు బండ్లును, సరకుల బండ్లును నడచు పట్టాలమీదనే అదియు నడువవలెను. పెద్దబండికి దారి యిచ్చి చిన్నబండి ఆగుట రైల్వేలలో మామూలు. అందువలన రెండు బండ్ల నడుమ అరగంటయో, గంటయో, ఒకానొకప్పుడు అంతకు మించియో ఎడముండును. మెట్రోకు పట్టాలు తనవే. మరియొక బండికి దారి యియ్యవలసిన పని లేదు. రాత్రి ప్రొద్దుపోయినకొలది దాని ఎడమును పెరుగునుగాని, కడపటి బండి పోవువరకు ఒకటి తప్పినను మరియొకటి ఎక్కువ ఆలస్యము లేక వచ్చును. ఇదియే అసలు భేదము. వేగములో గల తారతమ్యము దీని ముందు స్వల్పము.

ఈ సంగతి నాకంటె ముందు గ్రహించినది మా వీధిలో జుట్టు తీర్చు వృత్తిలోనున్న ఒక అమ్మాయి. ఆమె తర్కము చదువలేదు. “బాబాయిగారూ, ఐదు రూపాయల రైలు తప్పితే స్టేషనులో గంటసేపు ఒక్కదాన్నే కూర్చోవాలి. మెట్రోకు నలభై పోతే పోనీయండి, ఆ గంట నాకు వద్దు” అని ఆమె చెప్పినది. ఆ గంటకు ఆమె కట్టిన వెల ఏ పట్టికలోను లేదు. కాని రాత్రివేళ ఒంటరిగా కూర్చుండవలసినవారికి తక్కిన వెలలన్నిటికంటె అది పెద్దది.

అట్లని ప్రతి ప్రయాణమునకును మెట్రోయే మేలని నేను చెప్పను. పని ముగియు వేళను బట్టియు, పని జరుగు తావును బట్టియు నిర్ణయము మారును.

సికింద్రాబాదునుండి వచ్చువాడు తూర్పు వైపున మెట్రో యెక్కినచో బండి మారకయే ఎనిమిదవ స్టేషనులో, అనగా యూసుఫ్‌గూడలో, దిగును. రైలెక్కినచో బేగంపేటలో దిగి, అచ్చటినుండి వేరొక వాహనము చూచుకొనవలెను. ఇచ్చట మెట్రో మేలు.

చందానగరు, లింగంపల్లి వైపునుండి వచ్చువాని సంగతి వేరు. మెట్రో కొఱకు అతడు ముందు మియాపూరు చేరి, అమీరుపేటలో బండి మారవలెను. రైలో, హఫీజుపేట, హైటెక్ సిటీ దాటి అతనిని బోరబండకు తెచ్చి దింపును. అచ్చటినుండి మా పేట ఆటోకు దూరము కాదు. ఆ వేళకు బండి యున్నచో రైలే మేలు. బేగంపేటవరకు రైలులో వచ్చి, ప్రక్కనేయున్న మెట్రో యెక్కి మూడవ స్టేషనులో దిగినను దిగవచ్చును. రెండు వాహనములును పరస్పరము శత్రువులు కావు.

రామోజీ ఫిల్ముసిటీనుండి వచ్చువారికి రైలు ప్రసక్తియే లేదు. విజయవాడ రోడ్డుమీద ఎల్.బి.నగరువరకు బస్సులో వచ్చి, అచ్చట మెట్రో యెక్కి, అమీరుపేటలో మారి యిల్లు చేరవలెను.

మారవలసినవా రొక సూక్ష్మము గమనింపవలెను. 2025 నవంబరు 3వ తేదీనుండి అమలునకు వచ్చిన వేళల ప్రకారము మొదటి బండి ఉదయము 6 గంటలకును, కడపటి బండి రాత్రి 11 గంటలకును కొసస్టేషనులనుండి బయలుదేరును. అంతకుముందు కొన్ని నెలలు, సోమవారము మొదలు శుక్రవారమువరకు, కడపటి బండి 11 గంటల 45 నిమిషములకు ఉండెడిది. ఆ పాత వేళను నమ్ముకొన్నవారు నేడు మెట్లమీదనే నిలిచిపోవుదురు. మరియు అమీరుపేటలో మారువాడు తా నెక్కిన బండి వేళను మాత్రమే చూచినచో చాలదు. తా నెక్కబోవు రెండవ మార్గపు కడపటి బండి అమీరుపేట దాటు వేళను చూడవలెను. కొసస్టేషనులో 11 గంటలని వ్రాసియున్నంత మాత్రమున నడిమి స్టేషనులో 11 గంటలని అర్థము కాదు. స్టేషనులో అడిగి ఆ వేళను ఒక చీటిమీద వ్రాసి దగ్గఱ నుంచుకొనుట మేలు.

రాత్రియంతయు బండ్లు నడుపరాదా యని కొందఱడుగుదురు. న్యూయార్కులో 1904లో మొదలైన భూగర్భపు రైలు రాత్రింబవళ్లు నడచును. అచ్చట పెక్కు మార్గములలో మూడేసి, నాలుగేసి పట్టాలుండుటచేత కొన్నిటిని మరమ్మతు చేయుచు తక్కినవానిమీద నడుపవచ్చును. లండనులో 2016 ఆగస్టునుండి కొన్ని మార్గములలో శుక్ర, శని వారముల రాత్రులు మాత్రము తెల్లవారువరకు నడుపుచున్నారు. మనకు పోవుట కొకటి, వచ్చుట కొకటి, రెండే పట్టాలు. వానిని, పైనుండు విద్యుత్తు తీగను, సంకేత యంత్రములను పరీక్షించుటకు రాత్రి కొన్ని గంటలు విరామము కావలెను. కావున రాత్రియంతయు నడుపుమనుట సులభసాధ్యమైన కోరిక కాదు. ఇంకొక అరగంటయో, ముప్పావుగంటయో పొడిగింపుమనుట మాత్రము న్యాయమైన కోరికయే. నడిపి చూచిన అనుభవము ఈ నగరమునకు కలదు.

బస్సును మఱువరాదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. బస్సు దొరకు వేళ యైనచో, మా అమ్మాయి చెప్పిన నలుబది రూపాయలును మిగులును. కాని బస్సుకును అదే ప్రశ్న వేయవలెను: ఇది తప్పినచో తరువాతిది యెప్పుడు?

ఇంతవరకు చెప్పినది పదకొండు గంటల లోపల పని ముగియువారి సంగతి. చిత్రనిర్మాణమున పని అర్ధరాత్రివరకు సాగు దినములు తక్కువ కావు. అప్పుడు రైలు లేదు, మెట్రో లేదు. తెల్లవారుజామున మా కూడలికి బండి పంపి, పనివారిని పేరు పేరున పిలిచి ఎక్కించుకొనిపోవు ఆచారము ఈ వృత్తిలో ఎప్పటినుండియో కలదు. పనికి తీసికొనిపోవుటలో నున్న శ్రద్ధ, పని ముగిసిన పిదప ఇంటికి చేర్చుటలోను ఉండవలెను. 2025 ఆగస్టులో సినీ కార్మికులు వేతనములు నూటికి ముప్పది చొప్పున పెంపవలెనని సమ్మె చేసిరి. వేతనమునుగూర్చి మాటలాడునప్పుడు ఈ రాత్రి దారిఖర్చును కూడ లెక్కలోనికి తేవలెనని నా మనవి. కడపటి బండి పోయినపిదప పని చేయించుకొన్నవాడు, ఆ పనివానిని గడపవఱకు చేర్చుట దయ కాదు. కూలిలో నొక భాగము.

ఎడిటింగు కుఱ్ఱవానికి నేను చెప్పినది ఇది: “నాయనా! నీ పని ప్రతిదినమును ఒకే వేళకు ముగియునా? ముగిసినచో ఆ వేళకు రైలున్నదేమో చూచి, నిశ్చింతగా రైలెక్కుము; నెలకు ఏడువందల యేబది మిగుల్చుకొనుము. వేళ నీ చేతిలో లేనిచో మెట్రో యెక్కుము. ఇంటిలో మాత్రము ఏ రాత్రి యే దారిని వచ్చుచున్నావో ముందుగా చెప్పిపొమ్ము. మీ అమ్మ అర్ధరాత్రివరకు మేలుకొని మెట్లవైపు చూచుచుండుట నాకు కనబడుచున్నది.”

అతడు కొంతసేపు ఆలోచించి, తన పని ఏ వేళకు ముగియునో యజమానినే అడుగవలెనని లేచిపోయెను. అడుగవలసినది నిజముగా ఆ ప్రశ్నయే. రాత్రివేళ పనిచేయు బిడ్డలు గల తల్లిదండ్రులును, వారిచేత పనిచేయించుకొను యజమానులును ఈ సంగతిని ఒక్కమారు ఆలోచింతురుగాక యని కోరుచున్నాను.