ఎడారిలో జ్వరం, ఫోనులో వైద్యం



మన జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవారిలో పట్నాల్లో ఉన్నవారికి పక్క గదిలో మనవాడు, దగ్గర్లో దవాఖానా ఉంటాయి. నేను మనవి చేసేది సౌదీ ఎడారిలో ఒంటెలు కాసేవారి సంగతి. వాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే మొదటి డాక్టరు సెల్‌ఫోనే.

మా బడిలో చదివిన పిల్లవాడు ఒకడు నిరుడు అక్కడి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మాస్టర్ సాబ్, సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, నడుము, కీళ్లు ఒకటే నొప్పులు. యూట్యూబ్‌లో చికున్‌గున్యా అన్నారు. ఇంటి నుంచి గోలీల పేర్లు పంపారు, వేసుకుంటున్నా." అప్పటికే మూడు వారాలైంది.

వాడు తెలుగులో అడిగాడు, ఫోను మన ఊరి జబ్బులే చెప్పింది. పచ్చి ఒంటెపాలు తాగుతున్నట్టు వాడు చెప్పనూ లేదు, ఇంట్లోవాళ్లు అడగనూ లేదు. పైగా ఆ పాలు షుగరుకు మంచివని ఇంకో వీడియోలో చూశాడట! పచ్చిపాలతో బ్రుసెల్లోసిస్ అనే జ్వరం రావచ్చు. అరబ్బీలో దాన్ని హుమ్మా మాల్టియా అంటారు. 2012లో సౌదీలో బయటపడ్డ మెర్స్ కూడా ఒంటెల నుంచి మనిషికి సోకేదే.

ఉర్దూ చదివినవాళ్లకు అరబ్బీ అక్షరాలు తెలుసుననే ధీమా ఒకటి. కాని మన 'బుఖార్' అరబ్బీలో ఆవిరి! జ్వరమంటే 'హుమ్మా'. ఈ ముక్క మా సిలబసులో లేదు లెండి.

"937కు ఫోన్ చెయ్యి, అది అక్కడి ఆరోగ్యశాఖ నంబరు. పాల సంగతి, ఒంటెల సంగతి ముందే చెప్పు" అన్నాను. స్పృహ తప్పినా, ఊపిరాడకపోయినా అంబులెన్సుకు 997 అని కూడా రాయించాను. వాడి భయం రోగం గురించి కాదు, ఒక పూట మంద వదిలితే యజమాని ఏమంటాడోనని. నాలుగు రోజులు తటపటాయించి పోయాడు. రక్తపరీక్షలో బ్రుసెల్లోసిస్సే తేలింది. రెండు రకాల మందులు, ఆరు వారాలు. పది రోజులకు జ్వరం దిగగానే ఆపేస్తానన్నాడు! మధ్యలో ఆపితే తిరగబెడుతుందని మళ్లీ మందలించవలసి వచ్చింది.

అమ్మలారా, మీకు ఫోన్ వస్తే గోలీ పేరు తర్వాత చెప్పండి. ఏం తాగుతున్నావు, ఏ పశువుల దగ్గర ఉంటున్నావు, ఎన్నాళ్ల నుంచి అని ముందు అడగండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పాలు కాచి తాగుతున్నాడు. పొంగు వచ్చేదాకా పొయ్యి ఆర్పొద్దురా అని వాళ్లమ్మ ఫోనులో చెబుతుంటే నేను పక్కనే కూర్చున్నాను.