పక్కింటి గొడవ, పొరుగు దేశపు గొడవ
(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇతర దేశాల వ్యవహారాల్లో మన దేశం తలదూర్చాలా వద్దా అన్నది ఇవాళ నాకిచ్చిన అంశం. విదేశాంగ విధానం మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ 'మనకెందుకు' అన్న మాట మాత్రం మనకు కొత్తది కాదు. పక్కింట్లో భార్యను కొడుతుంటే తలుపేసుకునేవాళ్ళు అనేదదే: 'మొగుడూ పెళ్ళాల గొడవ, మధ్యలో మనమెందుకు?' ఇంటి గడపను గౌరవించమన్నట్టే దేశాల సార్వభౌమత్వాన్ని గౌరవించమంటారు. గడప లోపల దెబ్బలు తింటున్నదెవరన్న ప్రశ్న రెండు చోట్లా పక్కకు పోతుంది.

అందుకే జోక్యం ఎప్పుడూ తప్పేననే వాదన నాకు మింగుడుపడదు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. పాక్ సైనికుల అత్యాచారాలకు గురైన స్త్రీలతో 'అది మీ అంతర్గత వ్యవహారం' అనగలమా?

అయితే ఆపడానికి వెళ్ళేది కూడా ఒక రాజ్యమే, దాని చేతిలో ఉండేది తుపాకీయే. శ్రీలంక సంగతి చూడండి. 1983 మారణకాండ తర్వాత తమిళ మిలిటెంట్లకు మన దేశమే శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. 1987 జూలై 29న ఒప్పందం చేసుకుని, వాళ్ళ ఆయుధాలు దింపించడానికి సైన్యాన్నీ పంపింది. అక్టోబరుకల్లా 'శాంతి సేన' యుద్ధంలో ఉంది. అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు డాక్టర్లు, నర్సులు, రోగులు బలయ్యారు. 1990 మార్చిలో సేన తిరిగొచ్చేనాటికి మన జవాన్లు సుమారు 1,200 మంది చనిపోయారు. నేనప్పటికి బడిపిల్లని. మా వీధిలో ఒక జవాను భార్య రోజూ పోస్ట్‌మాన్ కోసం అరుగు మీద కూర్చునేది. ఆమె భర్త అక్కడ ఎవరి తరఫున పోరాడుతున్నాడో ఆమెకు చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో లేరు.

అక్కడి స్త్రీల మీద మన సైనికులు జరిపిన అత్యాచారాలను నమోదు చేసినవాళ్ళలో రజనీ తిరణగమ ఒకరు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ అధ్యాపకురాలు. శ్రీలంక సైన్యాన్ని, మన సేనను, పులులను ఒకే కొలతతో కొలిచింది. 1989 సెప్టెంబరు 21న సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 35 ఏళ్ళు. హంతకులు పులులేనని ఆమె సహచరులు చెప్పారు. మనవాళ్ళ గురించి ఆమె రాసినదానికి మన దేశం నేటికీ సరైన జవాబు చెప్పలేదు. పరాయి సైనికుడి మీద ఫిర్యాదు చేయాలంటే ఆ స్త్రీ ఏ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి?

ఇక ఇంకోరకం జోక్యం ఉంది. దానికి తుపాకీ అక్కర్లేదు. 2009లో యుద్ధం ముగిసిన వెంటనే ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలిలో మనం శ్రీలంక ప్రభుత్వం పక్షాన ఓటేశాం. 2012, 2013లో దానికి వ్యతిరేకంగా ఓటేశాం. 2014లో ఎటూ వేయలేదు. కనిపించకుండాపోయిన బిడ్డల ఫోటోలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న తల్లులకు ఈ లెక్క ఏం అర్థమవుతుంది?

సైన్యాన్ని పంపడానికి నేను వ్యతిరేకిని. సాక్ష్యం చెప్పడానికి, ఆశ్రయమివ్వడానికి మాత్రం హద్దు పెట్టకూడదంటాను. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మనమింకా సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక తమిళులకు చోటు లేదు. తమిళనాడు శిబిరాల్లో పుట్టి, అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని, అక్కడే పిల్లల్ని కన్న ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గొడవ పొరుగు దేశపు గొడవ కాదు, మన గడప లోపలిదే.