బడి మఱవరాని పేర్లు

ఉన్నత పాఠశాలల వార్షికోత్సవములలో పూర్వ విద్యార్థులను పిలిచి పూలమాలలు వేయుట మనకు పరిపాటి. న్యాయవాదులు, వైద్యులు, శాసనసభ్యులు, వ్యాపారమున గడించినవారు వేదికపై కూర్చుందురు. చదువుకొన్న బడిని వారు తలచుకొందురు. వారిని చూచి పిల్లలు సంతసింతురు. ఇది మంచి యాచారమే. కాని పిలిచినను రాలేని పూర్వ విద్యార్థులు కొందఱు కలరు. వారు సైన్యమున చేరి, ఇల్లు చేరకయే ప్రాణములు విడిచినవారు. వారిని బడి యెట్లు స్మరింపవలెనో నేడు కొంచెము విచారింతము.

సైనికవృత్తి పంజాబువారిది, గూర్ఖాలది, మనది కాదని మనలో ననేకులు తలంతురు. చరిత్ర యట్లు చెప్పదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారు దక్షిణమునుండి వంగదేశమునకు సిపాయిలను గొనిపోయిరి. అచ్చటివారు వారిని “తెలింగ”లని పిలిచిరి. క్రమముగా హిందూస్థానమున “తిలంగా” యను మాటకు సిపాయి యనియే యర్థ మేర్పడెను. ఒక దేశపువారి పేరే యొక వృత్తికి పేరైన దనగా, ఆ దేశపు బిడ్డలు ఎంత విరివిగా తుపాకి పట్టిరో గ్రహింపవచ్చును.

దూరపు మాట లేల? తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును చూడుడు. దానిని జనులు “మిలిటరీ మాధవరము” అందురు. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమునకు ఆ గ్రామమునుండి 90 మంది పోయిరనియు, రెండవ ప్రపంచయుద్ధమునకు వేయిమందికి పైగా పోయిరనియు గ్రామస్థులు చెప్పుకొను లెక్క. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఆ వాడుక ఆగలేదు. తాత వెనుక తండ్రి, తండ్రి వెనుక కొడుకు సైన్యమున చేరినవారు. అసువులు బాసిన తమవారికొఱకు ఆ గ్రామస్థులు ఊరిలో స్మారకస్తూపము నిలుపుకొనిరి.

రెండవ యుద్ధము మన గడపలకే వచ్చినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసెను. ఆ యుద్ధకాలముననే తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకు బాట నిర్మింపబడెను. కావున యుద్ధమును, అందు మృతులైనవారిని తలచుట మన ప్రాంతమునకు పరాయి విషయము కాదు.

కొల్లేటిని ఎఱిగినవారికి ఒక పోలిక చెప్పెదను. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్లు వేఱువేఱు త్రోవల వచ్చి ఆ సరస్సున చేరును; అచ్చటనుండి ఉప్పుటేటి మార్గమున నీరు సముద్రమునకు పోవును. మన బడియు నట్టిదే. పది యూళ్ల పిల్లలు వచ్చి యందు చేరుదురు, కొన్నేండ్లు నిలుతురు, పిదప లోకములోనికి పోవుదురు. సముద్రమున కలిసిన నీటిని ఇది యే యేటి నీరని గుర్తింపలేము. మనుష్యుని విషయమున నట్లు జరుగరాదు. మనుష్యునకు పేరు కలదు.

ఆ పేరు పోయిన కథ యొకటి వినుడు. మొదటి మహాయుద్ధమున భారతీయ సైనికులు ఫ్రాన్సునందును, నాడు మెసపొటేమియా యనబడిన నేటి ఇరాకునందును పోరాడిరి. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ అనుచోట 1927లో ఆవిష్కరింపబడిన స్మారకముపై, సమాధి యెచ్చటనో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కబడినవి. ఇరాకులో బస్రాయొద్ద 1929లో మఱియొక స్మారకము ఆవిష్కరింపబడెను. అది నలుబదివేలకు మించిన మృతులను ఉద్దేశించినది. అచ్చట ఇంగ్లీషువారి పేర్లు కలవు. భారతీయులైన అధికారుల పేర్లు కలవు. సామాన్య సిపాయిలకు మాత్రము పటాలము పేరు క్రింద ఇంతమంది యను సంఖ్యయే కలదు. ఒకే సైన్యము, ఒకే యుద్ధము. ఒకచోట పేరు, ఒకచోట లెక్క! ఈ స్మారకములను కాపాడు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము ఇట్టి యసమానతలను విచారింపజేసి, 2021లో తప్పొప్పుకొని క్షమాపణ చెప్పెను. ఆ సిపాయిలు మరణించిన నూఱేండ్లకు ఆ మాట వచ్చినది. అప్పటికి వారి తల్లులును లేరు, భార్యలును లేరు.

ఇక మన కాలమునకు వత్తము. 2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖులోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణయందు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు మరణించెను. ఆయన సూర్యాపేటవాడు. విజయనగరము జిల్లాలో 1962లో స్థాపింపబడిన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16వ బీహారు పటాలమునకు నాయకుడైనవాడు. ప్రభుత్వము మరణానంతరము ఆయనకు మహావీరచక్ర మొసగెను. 2021లో సూర్యాపేటలో ఆయన విగ్రహము నిలుపబడెను. ఇది తగిన గౌరవము. అయితే ఆ ఘర్షణలో ఆయనను కలుపుకొని మరణించిన మనవారు ఇరువదిమంది. తక్కిన పందొమ్మండుగురును ఏదో యొక బడిలో, ఏదో యొక పలకపై అక్షరములు దిద్దినవారే. వారి బడులు కూడ వారిని తలచుకొన్నప్పుడే ఆ రాత్రి కథ పూర్తియగును.

ఇచ్చటనే మన బడులు పొరపాటు పడుట కవకాశము కలదు. ఉన్నత పాఠశాలలో రాయి నిలిపి, “ఇచ్చట చదువు ముగించినవారి పేర్లు మాత్రమే” అని నియమము పెట్టినచో, దానిపై పేరెక్కునది యెవరికి? చదువు పూర్తిచేసి అధికారియైనవానికి. సిపాయిలలో ననేకులు చిన్న తరగతులలోనే బడి మానినవారు. 1914లో పోయినవారిలో ననేకులు ఉన్నత పాఠశాల గడపయే త్రొక్కినవారు కారు. లేమివలన బడి మానినవాడు, ఆ లేమివలననే పటాలములో చేరినవాడు, తుదకు ఆ లేమివలననే రాతిపై తన పేరును పోగొట్టుకొనవలెనా? అట్లు చేసినచో, బస్రాలో పరాయివారు చేసిన తప్పును మన చేతులతో మన బడిలో మరల చేసినవార మగుదుము.

కావున నా మనవి యిది. ఏలూరుగాని, తాడేపల్లిగూడెముగాని, కొల్లేటి లంకల యొడ్డున నున్న పల్లెగాని, ఎచ్చటి ఉన్నత పాఠశాలయైనను, తన చుట్టునున్న గ్రామములన్నిటి సైనికమృతుల పేర్లను తానే భద్రపఱుపవలెను. వాడు పది తరగతులు చదివెనా, రెండే చదివెనా యని యడుగరాదు. సుబేదారా, సిపాయియా యని యడుగరాదు. తుపాకిగుండుచే చచ్చెనా, జ్వరముచే చచ్చెనా యనియు నడుగరాదు. మెసపొటేమియాలో వ్యాధులకు బలియైనవారు తక్కువవారు కారు.

ఈ పనికి ధనము కంటె ఓపిక ముఖ్యము. బడిలో ప్రవేశపు రిజిష్టరులు కలవు. అందు పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, బడి విడిచిన తేదీ వ్రాయబడి యుండును. ఊళ్లలో పాత పెట్టెలు కలవు. మొదటి మహాయుద్ధమునాటి పతకము దొరకినచో దాని అంచును పరీక్షింపుడు. సైనికుని సంఖ్య, పేరు, పటాలము దానిపై చెక్కబడి యుండును. ముసలమ్మల నోట ఊరి వంశముల కథలు కలవు. పై తరగతుల పిల్లలను ఇద్దఱిద్దఱిగా ఒక్కొక్క గ్రామమునకు పంపినచో, ఏ చరిత్రపుస్తకమునను లేని సంగతులను వారు వ్రాసి తేగలరు. ఆ విధముగా కూడిన పట్టికను ముందు పుస్తకముగా కుట్టుడు. రాతిపై చెక్కుట తరువాత చూచుకొనవచ్చును. పుస్తకములో క్రొత్త పేరు చేర్చుట సులభము. రాయి తొందరపడి చెక్కినచో, విడిచిన పేరు విడిచినట్లే యుండును.

ఇట్లు చేయుట పసిపిల్లలకు యుద్ధమును నూఱిపోయుట కాదా యని కొందఱు శంకింపవచ్చును. నిజము దాచి పొగడ్తలు మాత్రమే చెప్పినచో ఆ శంక న్యాయమే యగును. కాని ఒక యూరినుండి పోయి తిరిగిరానివాని పేరు, వాడు విడిచిపోయిన బిడ్డల సంగతి, జీతముకొఱకు చేరెనో దేశముకొఱకు చేరెనో ఆ కారణము, ఉన్నది ఉన్నట్లు చెప్పినచో, పిల్లలకు యుద్ధముపై మోజు పుట్టదు. దాని వెల యెంతయో తెలియును. వెల తెలిసినవాడే శాంతిని నిలుపుకొనును.

1949 మొదలు డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాటి ఉదయమున బడిగంట కొట్టిన పిమ్మట, హాజరు పిలుచునట్లే ఉపాధ్యాయుడు ఆ పుస్తకములోని పేర్లను ఒక్కొక్కటిగా పిలుచుగాక. ఏ పేరు పిలువబడినదో ఆ యూరి పిల్లవాడు లేచి, “మా యూరివాడండి” అని పలుకుగాక. అంతకు మించిన ఉపన్యాసము అక్కఱలేదు.

సైన్యము మనుష్యునకు సంఖ్య నిచ్చును. అది దాని అవసరము. బడి మాత్రము వానిని పేరుపెట్టియే పిలిచినది. వర్షము వచ్చినను, వరద వచ్చినను, ప్రతిదినమును ఆ పేరు పిలిచి, పలికినవానిని చూచి, గుర్తు పెట్టుకొన్నది బడియే. పలుకువాడు లేని దినమున పిలుచుట మానిన బడి, తన పనిలో సగము మఱచినట్లే.