మంచం పక్కన మనిషికి ఏ కార్డుంది?

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వైపు నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. నేను మాట్లాడబోయేది ఆసుపత్రి గురించి కాదు. అక్కడి నుంచి ఇంటికి పంపేశాక లేవలేని మనిషిని ఏళ్ల తరబడి చూసుకోవడం గురించి. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఆ చాకిరీ ఎవరు చేస్తున్నారు?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం, జాబితాలోని జబ్బులకి ఆసుపత్రి వైద్యం ఇప్పిస్తుంది. 2024 అక్టోబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తింపజేసింది. మంచిదే. కానీ ఇదంతా ఆసుపత్రి మంచానికి. ఇంట్లో మంచానికి కాదు.

ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు పాలసీలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. స్నానం చేయించడానికి, బట్టలు తొడగడానికి, నడిపించడానికి ఇంట్లో గానీ సంరక్షణ కేంద్రంలో గానీ మనిషిని పెట్టుకుంటే ఆ డబ్బు ఇవ్వమని మామూలుగా అందులో రాసి ఉంటుంది. ఏజెంటు ఆ పేజీ చదివి వినిపించడు.

ప్రభుత్వమూ కట్టక, కంపెనీ కట్టక, చివరికి కడుతున్నది కోడలో కూతురో. కూలి మానుకుని, నిద్ర మానుకుని కడుతోంది. రాజోలు, కొత్తపేట వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు గల్ఫ్ వెళ్లి పరాయి ఇళ్లలో పనిచేస్తున్నారు. అక్కడి ముసలివాళ్లకి చేస్తే అది ఉద్యోగం, జీతం వస్తుంది. అదే పని ఇక్కడ అత్తగారికి చేస్తే ధర్మం, పైసా రాదు. ఇది ప్రకృతి నియమం కాదు. జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి ఇలాంటి సంరక్షణకే తప్పనిసరి బీమా ఉంది. జర్మనీలో ఇంట్లోనే చూసుకుంటే నగదు కూడా ఇస్తారు.

మన చేతిలో ఉన్నవేమిటి? పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకి 15,000 పింఛను ప్రకటించారు. దానికి వైద్యుల ధ్రువపత్రం కావాలి. లేవలేని మనిషి దాన్ని తెచ్చుకోలేదు. ఆ పని మన సంఘాలు మీద వేసుకోవాలి.

రెండోది, తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం, 2007. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టాలి. ఆ చట్టం ప్రకారం నెలకి 10,000 దాకా పోషణ ఇప్పించవచ్చు, వైద్యం కూడా పోషణలో భాగమే. ముసలామె అధికారమిస్తే ఆమె తరఫున సంఘమే అర్జీ వేయవచ్చు. ఈ చట్టం బాధ్యత పెట్టింది కొడుకులు, కూతుళ్లు, వయసొచ్చిన మనవలు, మనవరాళ్ల మీద. 'పిల్లలు' అన్న మాటకిచ్చిన అర్థంలో కోడలు లేదు. చాకిరీలో మాత్రం ముందు ఆమే ఉంది! కాబట్టి అర్జీ రాసేటప్పుడు కోడలిని ముద్దాయిని చేయకండి. ఆస్తి తీసుకుని పక్కకి తప్పుకున్న కొడుకుని అడగండి.

అదే చట్టం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, దిక్కులేని 150 మందికి తక్కువ కాకుండా, 'స్థాపించవచ్చు' అంది. 'స్థాపించి తీరాలి' అనలేదు. 2022లో కోనసీమ జిల్లా అయింది, కలెక్టరేటు అమలాపురానికే వచ్చింది. నర్సులుండే ఆశ్రమం కావాలనీ, ఇంట్లో చూసుకునే ఆడమనిషికి భత్యం కావాలనీ అక్కడే అడుగుదాం. ముందు మీ ఊళ్లో మంచం పట్టినవారు ఎందరో, వారిని ఎవరు చూస్తున్నారో రాసుకుని రండి. ఆ జాబితాతోనే కలెక్టరుని కలుద్దాం.