ముందు షాకప్‌లో గాలి ఎంత?



ముందు షాకప్‌లో గాలి ఎంత కొట్టాలో ఒక అంకె చెప్పమని అందరూ అడుగుతారు. తొక్కేవారి బరువును బట్టి మారేదాన్ని బండి పేరు చూసి ఎట్లా చెప్పగలం?

మన దగ్గర అమ్ముడుపోయే షాకప్ సైకిళ్లలో చాలావాటికి లోపల ఉండేది ఉక్కు స్ప్రింగే. వాటిలో గాలి కొట్టేది ఏమీ ఉండదు. పైన తిప్పే మూత ఉన్నా, అది స్ప్రింగును కాస్త ముందే నొక్కి పెడుతుందే తప్ప దాని గట్టిదనాన్ని మార్చదు. నేను మాట్లాడేది గాలితో పనిచేసే షాకప్‌ల గురించి, అంటే గాలి ఫోర్కుల గురించి. చాలా ఫోర్కుల్లో ఎడమ కాలి పైమూత తీస్తే గాలి వాల్వు కనిపిస్తుంది. గాలి ఫోర్కు కొత్త ముచ్చట కాదు. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ మొదలుపెట్టిన పాల్ టర్నర్ తయారుచేసిన తొలి ఫోర్కు ఆర్‌ఎస్-1 కూడా గాలి, నూనెలతో పనిచేసిందే.

గాలి ఫోర్కు వాల్వు మోటార్‌సైకిల్ ట్యూబుకు ఉండే రకమే. నాకు భయం అక్కడే. పంక్చర్ షాపు కంప్రెసర్ పైపు దానికి సరిగ్గా పడుతుంది. టైరులో లీటర్ల కొద్దీ గాలి పడుతుంది, ఫోర్కు లోపలి గది మాత్రం గుప్పెడంత. పైపు ఒక్క క్షణం ఆనించినా ఎంత ఎక్కిందో తెలియదు. దీనికి షాక్ పంపు అని వేరే ఉంది: సన్నటి గొట్టం, మీటరు, కొంచెం కొంచెం గాలి వదిలే బటన్. అది లేకుండా వాల్వు ముట్టుకోవద్దు. ఫోర్కు మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం దాటొద్దు.

షాకప్ దిగితే పాడైందనుకొని గాలి గట్టిగా కొట్టించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దీన్ని మానాలని గట్టిగా కోరుతున్నాను. మనం ఎక్కగానే ఫోర్కు కొంత దిగాలి. కాకతీయ కాలువ గట్టు మీద పోతుంటే రాయి వచ్చినప్పుడు చక్రం పైకి లేవాలి, గుంట వచ్చినప్పుడు కిందికి జారి నేలను అంటుకోవాలి. ముందే దిగి ఉంటేనే ఆ జారడానికి చోటు. రాయిలాగా బిగిస్తే గుంట మీద చక్రం గాలిలో తేలుతుంది, బ్రేకు పట్టదు, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు.

ఎంత దిగాలి? మట్టిబాటల మీద వేగంగా పోయేవారికి మొత్తం కదలికలో 15 నుంచి 20 శాతం, గుట్టల్లో తిరిగేవారికి 20 నుంచి 25 శాతం. 120 మిల్లీమీటర్ల కదలిక ఉన్న ఫోర్కుకు 20 శాతమంటే 24 మిల్లీమీటర్లు. ముందు ఫోర్కు లాక్ తీయండి. హెల్మెట్, బ్యాగు, నీళ్ల సీసాతో సహా ఎక్కండి. మిత్రుడు బండి పట్టుకుంటే పెడళ్ల మీద నిలబడండి. ఫోర్కు మెరిసే కాలి మీది రబ్బరు రింగును సీలు దాకా జరిపించి, ఊగకుండా దిగండి. సీలుకూ రింగుకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. ఎక్కువ దిగితే గాలి పెంచండి, తక్కువైతే తగ్గించండి.

చాలా ఫోర్కుల్లో గాలి గదులు రెండు. ఒకటి పైకి తోస్తుంది, రెండోది మొదటి కదలిక మెత్తగా ఉండేలా ఎదురు తోస్తుంది. కొంత గాలి కొట్టగానే ఫోర్కును పదిసార్లు మెల్లగా నొక్కితే రెండు గదులూ సమానమవుతాయి. మీటరు పడిపోతుంది, కంగారు పడకుండా మళ్లీ నింపండి. పంపు తీసేటప్పుడు వచ్చే చప్పుడు పైపులోని గాలిదే.

ఇక మన ఎండలు. జగిత్యాలలో వేసవిలో 45 డిగ్రీలు మనకు తెలియనిది కాదు. చలికాలం పొద్దున 15 డిగ్రీల దగ్గర 100 పీఎస్‌ఐ పెట్టిన ఫోర్కు ఆ ఎండలో దాదాపు 112 చూపిస్తుంది. కాబట్టి కాలం మారినప్పుడల్లా కొలవాల్సిందే. గాలి పెంచితే, తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే కింది మీటను కూడా కొద్దిగా నెమ్మది వైపు తిప్పాలి. మానేరు ఇసుక, గట్ల దుమ్ము సీళ్లలోకి పోకుండా తొక్కిన ప్రతిసారీ ఫోర్కు కాళ్లు మెత్తటి గుడ్డతో తుడవండి.

ఒక్కొక్కరూ షాక్ పంపు కొనాల్సిన పనిలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఒక్కో సైకిల్ షాపులో ఒకటి చొప్పున ఉంచుకుందాం, షాపు అన్నలు ఒప్పుకుంటే. ఇక కింద నిలబెట్టిన బండ్ల దగ్గరికి పోదాం. 100 మిల్లీమీటర్ల ఫోర్కు ఉన్నవాళ్లు ముందు రండి, బ్యాగులు తగిలించుకొని, సీసాలు నింపుకొని.