పల్లెలయందు వైద్యులు నిలుచుట యెట్లు?
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన విద్యార్థినిధికి విరాళము లొసంగుచున్న దాతలకు మొదట నా నమస్కారములు. ఆ నిధి సాయముననే నేను వైద్యుడనైతిని. కావున నేడు నేను చెప్పబోవు మాటలను ఋణగ్రస్తుని మాటలుగా భావించి యాలకింప వేడుచున్నాను.

చదువు ముగిసిన పిదప నేనొక మన్యప్రాంతపు ప్రాథమికారోగ్యకేంద్రమున నాలుగేండ్లు పనిచేసి, దానిని విడిచి పట్టణమునకు వచ్చితిని. జీతము చాలక వచ్చితినని పలువురు తలంచిరి. నిజము వేరు. వానకాలమున మా నివాసగృహము కురియుచుండెడిది. నర్సులిద్దరిలో ఒకరు బదిలీయై పోగా ఆ స్థానము మరల నిండలేదు. నడిరేయి కష్టప్రసవము వచ్చినచో సలహా యడుగుటకు మరియొక వైద్యుడు లేడు. నా బిడ్డను చేర్చుటకు తగిన పాఠశాల చేరువలో లేదు. వీనినెల్ల సహించితిని గాని, "పట్టణములో చోటు దొరకక అక్కడ పడియున్నాడు" అను మనవారి మాటను సహింపలేకపోతిని. నేను బయలుదేరిన దినమున ఆ గ్రామస్థులెవ్వరును నన్ను నిందింపలేదు. అదియే నన్ను నేటికిని బాధించుచున్నది.

ఈ కొరత క్రొత్తది కాదు. 1924 ప్రాంతముననే మదరాసు ప్రభుత్వము గ్రామములయందు స్థిరపడు వైద్యులకు ఏటేట కొంత పైకము సాయముగా నిచ్చు పద్ధతి నేర్పరచెను. 1946లో భోర్ సంఘము తన నివేదికలో ప్రాథమికారోగ్యకేంద్రముల రూపమును చూపెను; 1952 నుండి అవి దేశమున నెలకొనసాగెను. మైదానములయందు 30,000 మందికిని, కొండప్రాంతములయందు 20,000 మందికిని ఒక కేంద్రముండవలెనని నేటి ప్రమాణము. వానికి పైమెట్టుగా శస్త్రవైద్యుడు, ప్రసూతివైద్యురాలు, శిశువైద్యుడు మున్నగువారుండవలసిన సామాజికారోగ్యకేంద్రములు గలవు. అట్టి నిపుణులు దేశమున వలసినవారిలో ఐదింట నాలుగు వంతుల వరకు కొరతగా నున్నట్లు 2021-22 ప్రభుత్వ గణాంకములే తెలుపుచున్నవి. భవనములు లేచినవి, మనుష్యులు నిలువరైరి.

నిర్బంధమున వారిని నిలుపవచ్చునా? చదువు ముగించినవారిచే కొంతకాలము సేవ చేయించుకొను ఒడంబడికలు చెల్లునని 2019లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ప్రభుత్వసేవలో నున్న వైద్యులకు పై చదువునందు ప్రత్యేకస్థానములు కేటాయించు అధికారము రాష్ట్రములకు కలదని 2020లో నిర్ణయించెను. ఇవి మేలైనవే. అయినను ఒడంబడిక మనుష్యుని పల్లెకు తేగలదు. గడువు తీరిన మరునాడు అతనిని అచ్చట నుంచలేదు.

జపానుదేశమున 1972లో వెలసిన జిచీ వైద్యవిద్యాలయపు పద్ధతి గమనింపదగినది. ఆ దేశపు ప్రతి పాలనాభాగమునుండియు కొలదిమంది విద్యార్థుల నెన్నుకొందురు. చదువు వ్యయమును ఋణముగా నిత్తురు. వైద్యుడై తన ప్రాంతముననే సామాన్యముగా 9 ఏండ్లు సేవచేసినచో ఋణము తీరిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లోను, మరల 2021లోను చేసిన సూచనలును ఇట్టివే: పల్లెబిడ్డలను చదివింపుడు, మంచి యిల్లు, పిల్లలకు బడి, తోడివారి సాయము, భద్రత కల్పింపుడు. అనగా జీతమొక్కటియే చాలదు.

సోదరులారా, ఇందు ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమే చేయవలెను. మన చేతిలో నున్నవి మూడు కలవు.

మొదటిది మన నిధి. పల్లెబడులలో చదివిన బిడ్డలకు మొదటి స్థానమిచ్చి, సేవచే తీరు ఋణముగా దానిని మార్చవలెను. నర్సువిద్యకును అందు సమానభాగ మీయవలెను. కుమారుడు డాక్టరైనచో ఊరెల్ల చాటుకొను మనము, కుమార్తె నర్సైనచో ఆ మాట మరుగుపరచుట న్యాయమా? రేయింబవళ్లు రోగిని కనిపెట్టుకొనియుండునది ఆమెయే కదా! ఈ నిధితో చదివినవారు తమ వాకిట నిలిచిన రోగిని ఏ కులమని యడుగరాదు; అదియు ఒడంబడికలో వ్రాయవలెను.

రెండవది మన వివాహసంబంధములు. అమెరికా వైద్యునకొక వెల, మండలవైద్యునకొక వెల కట్టుచున్నాము. పల్లెలో పనిచేయు వరునికి పిల్లనిచ్చుటకు వెనుదీయుచు, పల్లెలకు వైద్యులు రాలేదని సభలలో చింతించుట తగదు.

మూడవది మన యిండ్లు. పట్టణములకును విదేశములకును వెడలిన మనవారి మేడలు స్వగ్రామములయందు తాళములతో నున్నవి. ఏడాదికొకపరి సంక్రాంతికి తెరచు ఆ యిండ్లలో ఒకటి వైద్యునకో, నర్సులకో యిచ్చినచో నష్టమేమి? చీకటిలో ఒంటరిగా ప్రయాణము చేయవలసిన నర్సమ్మకు ఊరినడుమ ఒక గది దొరకుట చిన్న మేలు కాదు.

చెప్పుట సులభము, నేనే విడిచివచ్చినవాడను. కావున మా గ్రామమున మూతబడియున్న మా తండ్రిగారి యింటిని అచ్చటి నర్సుల నివాసమునకై విడుచుచున్నాను. తాళపుచెవిని ఇప్పుడే అధ్యక్షులవారి కొసంగుచున్నాను. నా ఋణములో ఇది మొదటి వాయిదా. తక్కినది ఎట్లు తీర్పవలెనో ఈ సభయే తీర్మానించుగాక.